కొస దొరకని పడుగు

పోయిన వారం మనం నాగదుర్గను గవర్నర్‌పేటలో లాడ్జి మెట్ల మీద వదిలిపెట్టాం. తల తుడుచుకోనైనా లేదు పాపం. చెవి దగ్గర ఫోను, అవతల డాక్టరు జయపాల్. "ఉన్నపళంగా టెంటు దగ్గరికి రండమ్మా, మీ అక్కగారి సంగతి ఫోన్లో చెప్పేది కాదు" అని ఆయన అన్న మాట దగ్గర ఆగాం.

వెనకటి భాగాలు చదవని వాళ్ళకోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ముత్యాలపాడు నేతపేట మనిషి శివపార్వతి బెజవాడ ధర్నా చౌక్‌లో నిరాహారదీక్షకు కూర్చుంది. చేనేత చీర అంచు మీద దాన్ని నేసిన మనిషి పేరు ఉండాలి, పేరు లేని సరుకును చేనేత అని అమ్మకూడదు, ఇదీ ఆమె అడిగే చట్టం. ఉత్తినే కూర్చోలేదు, మగ్గం వేసుకుని కూర్చుంది. మగ్గం మీద నిలువునా సాగే దారాల వరసను పడుగంటారు. "ఈ పడుగు నేసి దించేదాకా మెతుకు ముట్టను" అని అంతమంది ముందు మాట ఇచ్చింది. రోజూ పొద్దున్నే కూర్చుని ఓపిక ఉన్నంత నేస్తుంది, తర్వాత పక్కనే చాప మీద పడుకుంటుంది.

ఎవరికీ తెలియని సంగతి ఏమిటంటే, ఆ పడుగు పొట్టిది. ముత్యాలపాడులో తలుపులు వేసుకుని అక్కచెల్లెళ్ళిద్దరే దాన్ని సిద్ధం చేశారు. ప్రభుత్వం దిగొచ్చినా రాకపోయినా వారానికల్లా పడుగు అయిపోవాలి, దీక్ష గౌరవంగా ముగియాలి, అక్క ప్రాణంతో ఇంటికి రావాలి. ఉపాయం బాగానే ఉంది. కానీ జనం ప్రేమను లెక్కలో వేసుకోలేదు. పడుగు కొస కనబడగానే పక్క ఊరి నేతగాళ్ళు తమ ఇంట్లోంచి మరో పడుగు తెచ్చి, కొసకు కొస పురిపెట్టి అతికేశారు. పోరాటం తెగిపోకూడదని వాళ్ళ ఆశ. అది అయ్యేలోగా ఇంకో ఊరు వచ్చింది. అలా ఇది రెండో వారం.

అయితే నిన్న నాగదుర్గ కాళ్ళావేళ్ళా పడి ఒక మాట పుచ్చుకుంది. టెంటు కాపలా పెద్ద పాండురంగయ్య చేత, ఇక ఏ ఊరి పడుగూ అతకనివ్వను అనిపించింది. ఇవాళ పొద్దున ఆమె స్నానానికి లాడ్జికి బయల్దేరేటప్పటికి మగ్గం మీద మిగిలింది మూరెడు. సాయంత్రానికి అక్క నోట్లో ఇంత జావ పడుతుంది అనుకుంటూ ఆమె మెట్లు దిగుతుండగానే ఆ ఫోను వచ్చింది.

ఆటో ఎక్కింది. సన్నగా ముసురు పట్టి ఉంది. ఏలూరు రోడ్డు మీద బస్సులు బురద చిమ్ముకుంటూ పోతున్నాయి.

"ధర్నా చౌక్‌కా అండీ? మగ్గం అమ్మ దగ్గరికేనా?" అన్నాడు ఆటో అతను.

నాగదుర్గ తలూపింది.

"ఆవిడ మనిషి కాదండీ. ఇన్నాళ్ళు తిండి లేకుండా ఉండటం మనిషి వల్ల అయ్యే పనేనా? మా ఇంట్లో ఆవిడ ఫొటో పెట్టి దణ్ణం పెడతందండీ మా ఆవిడ."

నాగదుర్గకు ఆ మాట నచ్చలేదు. అతను మెచ్చుకుంటూనే అన్నాడు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ మనిషి కాదనుకున్న దాన్ని బతికించుకోవాలని ఎవరికి తోస్తుంది? చిన్నప్పుడు తన జడలు వేసినది, ఉయ్యూరు తిరనాళ్ళలో తప్పిపోతే వెతికి రెండు తగిలించి ఎత్తుకున్నది, ఇప్పటికీ కాకరకాయ వేపుడంటే చెవి కోసుకునేది ఆ అక్క. ఆమెకు గుండె ఒకటే ఉంటుందని, అది ఆగిపోతుందని ఇతనికి ఎలా చెప్పాలి? ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంటూ బయటికి చూస్తూ కూర్చుంది.

డాక్టరు జయపాల్ బారికేడ్ల దగ్గరే ఎదురొచ్చాడు. ప్రభుత్వాసుపత్రి నుంచి రోజూ వచ్చి నాడి చూసి, రక్తం తీసుకుపోయే కుర్ర డాక్టరు. మామూలుగా నవ్వుతూ మాట్లాడే మనిషి. ఇవాళ నవ్వు లేదు.

"పొటాషియం బాగా పడిపోయిందండీ. గుండె లయ తప్పుతోంది. ఇంకా కూర్చోబెడితే ఏ నిమిషంలో ఏమవుతుందో నేను చెప్పలేను. అంబులెన్స్ పిలిచాను. మీరు ఊఁ అంటే తీసుకుపోతాను."

"సాయంత్రం దాకా ఆగలేమా డాక్టరుగారూ? మూరెడే ఉంది పడుగు. అది అయిపోతే తనే లేచి వచ్చిద్ది. ఎత్తుకుపోయారన్న మాట లేకుండా పోయిద్ది."

ఆయన ఆమె వంక జాలిగా చూశాడు. "మూరెడేమిటమ్మా? మీరింకా లోపలికి వెళ్ళలేదా?"

నాగదుర్గ పరుగులాంటి నడకతో లోపలికి పోయింది. టెంటు మధ్యన చెక్కల అరుగు. నడిరోడ్డు మీద గుంట తవ్వనివ్వరు కాబట్టి, అరుగులోనే కాళ్ళు దిగేటంత ఖాళీ వదిలి గుంటమగ్గం నిలబెట్టారు. మగ్గం వెనక నలుగురు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. బొటనవేలికి బూడిద అద్దుకుంటూ, ఒక దారం కొస, ఇంకో దారం కొస తీసుకుని పురి తిప్పుతున్నారు. వాళ్ళ వెనక కొత్త పడుగు, గంజివాసన ఇంకా పోనిది, దుంగంత లావున చుట్టి ఉంది. అక్క ఇప్పుడు నేసే వేగానికి అది నెలకైనా అవుతుందా?

ఆమె అరుగు దగ్గరికి నడిచింది.

"పాండురంగయ్య బాబాయ్!"

అరుగు చివర కూర్చుని ఉన్న పెద్దాయన లేచాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్ల చొక్కా, మెడలో కండువా. శివపార్వతి దీక్షకు కూర్చున్న రోజు నుంచి ఆయన కూడా ఒక్క పూటే తింటున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోడు, కళ్ళు లోపలికి పోవడం చూసి జనమే కనిపెట్టారు.

"నిన్న నాకు మాటిచ్చావు కదా బాబాయ్. ఇదేంటి?"

"నేను మాట తప్పలేదు దుర్గమ్మా."

"తప్పకపోతే వీళ్ళెవరు? ఎవరు రానిచ్చారు?"

"పైనుంచి కబురొచ్చింది. నేనేం చెయ్యను?"

"పైనెవరున్నారు బాబాయ్ ఇక్కడ? నువ్వూ నేనూ అక్కా తప్ప ఎవరున్నారు? నా అక్క చచ్చిపోయిద్ది. తెలుస్తందా నీకు? డాక్టరు చెప్పాడు, ఏ నిమిషమో చెప్పలేనన్నాడు!"

దారాలు అతికేవాళ్ళ చేతులు ఆగాయి. పాండురంగయ్య కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. అది చూసి నాగదుర్గకు ఇంకా భయం వేసింది. కోపంగా ఉన్న మనిషిని ఎదిరించొచ్చు. ప్రేమతో ఏడుస్తూ అడ్డం నిలబడే మనిషిని ఏం చేయగలం?

"అమ్మ చచ్చిపోదే తల్లీ," అన్నాడాయన చిన్నపిల్లకు చెప్పినట్టు. "అమ్మకేం కాదు. ఆవిడ పోతే మేమందరం ఏమైపోతాం? పడుగు దిగిపోతే మళ్ళీ మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు? ఈ టెంటు పీకేస్తే ఎవరిళ్ళకు వాళ్ళం పోతాం. మా ఆయుష్షులో ఇంతమంది ఒక్కచోట కూర్చోవడం ఇదే మొదలు."

నాగదుర్గకు నాలుక చివరిదాకా వచ్చింది మాట. ఆ పడుగు పొట్టిది బాబాయ్, మొదటి వారంలోనే దిగిపోవాలి, మేం మిమ్మల్ని మోసం చేశాం. మింగేసింది. ఆ మాట బయటపెడితే అక్క ప్రాణం నిలుస్తుందేమో. కానీ ఈ ముసలాయన ముందు అక్క మళ్ళీ తలెత్తగలదా? ఆమె అక్క చాపకు అడ్డంగా కట్టిన తెర తీసుకుని లోపలికి వెళ్ళింది.

శివపార్వతి చాప మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. పక్కన నీళ్ళ సీసా. మొహంలో ఎముకలు తేలాయి. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, నేసేవాళ్ళ చేతులు, వేళ్ళ మధ్య కాయలు.

"అక్కా. అక్కా, ఇటు చూడు."

కళ్ళు తెరిచింది. "వచ్చావా. తల తుడుచుకోలేదేంటే? జలుబు చేసిద్ది."

"పైనుంచి కబురని చెప్పి ఎవరో పడుగు అతికిస్తన్నారు. బాబాయ్ చెప్పడం లేదు ఎవరో."

"ఎవరో కాదే. నేనే చెప్పా."

బయట మైకులో ఎవరో పాట పాడుతున్నారు, అది నాగదుర్గకు ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది.

"నువ్వు… అతకమన్నావా?"

"పొద్దున నువ్వటు పోగానే కబురు పెట్టా. చీరాల నుంచి వచ్చారు, నిన్నటి నుంచి రోడ్డు మీదే కూర్చున్నారంట పడుగు పెట్టుకుని. రమ్మన్నా."

"నీకు మతి పోయింది." నాగదుర్గ చాప మీదికి ఒంగింది. "మనం ఏమనుకున్నాం? తలుపేసుకుని ఎందుకు కొలిచాం? వారం అన్నావు. వారంలో లేచిపోతానన్నావు. నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పావక్కా!"

"నెమ్మదిగా మాట్లాడవే."

"మాట్లాడను! అందరూ విననీ!"

అన్నదే గాని గొంతు తగ్గించింది. శివపార్వతి చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

"మొదటి ఊరోళ్ళు పడుగు తెచ్చిన రోజు నాకూ గుండె జారిపోయింది దుర్గా. చచ్చానురా దేవుడా అనుకున్నా. వద్దని చెబుదామనుకునేలోపే మొదలెట్టారు. నేను అటు తిరిగి పడుకున్నా. మధ్యాహ్నమంతా వాళ్ళు అతుకుతున్నంతసేపూ వింటానే ఉన్నా. ఒక్కో దారం అతికి ఒక్కో పేరు చెబుతున్నారు. వాళ్ళమ్మ పేరు, వాళ్ళ మేనత్త పేరు, ఎప్పుడో పోయినోళ్ళ పేర్లు. ఇన్ని వేల దారాలకు ఇన్ని పేర్లు ఎక్కడివే వాళ్ళకు అనుకున్నా. అయిపోలేదు. సాయంత్రం దాకా చెప్పారు."

నాగదుర్గ సీసా మూత తీసి నీళ్ళతో అక్క పెదవులు తడిపింది.

"చీర మీద పేరు అన్న మాట నాదని అందరూ అనుకుంటన్నారు. పేపరోళ్ళు రాస్తన్నారు, నాకేదో దూరదృష్టి ఉందని. నాదా ఆ మాట? చల్లపల్లి మీటింగులో నేను నూలు రాయితీ గురించి వాగుతుంటే ఓ ముసలామె లేచి 'అన్నీ సరేనమ్మా, మా పేరేది?' అంది. నువ్వూ ఉన్నావు కదా ఆ రోజు. నేనా మాట పట్టుకున్నా. పట్టుకున్నాక వాళ్ళు నన్ను వదల్లేదు. నిన్న వచ్చిన ఆఫీసరు ఏమన్నాడో తెలుసా? పేరు కుదరదంట, నంబరేస్తారంట. ఆర్నెల్ల కిందటైతే ఆ నంబరుకే పండగ చేసుకునేదాన్ని. ఇప్పుడు ఆ మనుషుల దగ్గరికి పోయి నంబరని ఎట్టా చెప్పను? వాళ్ళ పేర్లున్న పడుగు మీద నేను మోసంతో కూర్చున్నానే. మోసంతో దిగలేను."

"నువ్వు చచ్చిపోతే? అప్పుడేం చేస్తారు వాళ్ళు? ఫొటో పెట్టుకుని దండేస్తారు. నాకేంటి మరి? పుట్టింటి వైపు నాకెవరున్నారు?"

శివపార్వతి చెల్లెలి తడి జుట్టు మీద చెయ్యి వేసింది.

"నాకు భయం లేదనుకుంటన్నావా? పొద్దున కళ్ళు తెరిస్తే అంతా నల్లగా ఉంది. కళ్ళు పోయాయనుకుని దుప్పటి నోట్లో కుక్కుకున్నా, అరుపు బయటికి రాకుండా. కానీ వాళ్ళు తెర తీసి నా మొహం చూస్తారు చూడు, అప్పుడు ఆ భయం మొహంలోకి రాదు. నవ్వొచ్చిద్ది. నేను నవ్వడం లేదు దుర్గా, అదే వచ్చిద్ది. అది చూసుకుంటే నాకే భయమేస్తంది."

ఆ మాటతో నాగదుర్గకు ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. ఇంతదాకా జనం చేతిలోంచి అక్కను లాక్కోవాలనుకుంది. ఇప్పుడు అక్క చేతిలోంచే అక్కను లాక్కోవాలి. ఎలా? ఎవరిని సాయం పిలవాలి? ఆమె చటుక్కున లేచింది.

"నేను మైకులో చెప్పేస్తా. పొట్టి పడుగని, ఇద్దరం కలిసి చేశామని. తిట్టుకోనీ, ఉమ్మేయనీ. బతికుంటావు."

"చెప్పు," అంది శివపార్వతి కళ్ళు మూసుకుని. "వాళ్ళ మొహాలు చూసి చెప్పు. చెప్పగలిగితే నేనే లేచి వస్తా."

నాగదుర్గ అరుగు మీదికి వచ్చి, పాట పాడుతున్న పిల్ల చేతిలోంచి మైకు తీసుకుంది. పాట ఆగింది. ముసురులో గొడుగులు పట్టుకుని, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని రోడ్డు పొడవునా కూర్చున్న మనుషులు తలలెత్తి చూశారు. అమ్మ చెల్లెలు మాట్లాడుతుందని ఒకరికొకరు చెప్పుకున్నారు. ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే, లేచి నిలబడి చేతులు జోడించారు. వాళ్ళ వెనక వరస లేచింది. ఆ వెనక వరస కూడా.

ఆమె ఉయ్యూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. రోజూ అరవై మంది పిల్లల ముందు నిలబడి గంటలు గంటలు మాట్లాడే మనిషి. నాలుక పిడచగట్టడం అంటే ఏమిటో ఆమెకు ఇవాళే తెలిసింది. "మీకొక సంగతి చెప్పాలి" అంది. ఆ తర్వాత మాట రాలేదు. జోడించిన ఆ చేతుల వంకే చూస్తూ నిలబడింది. ఒకావిడ ఎందుకో కళ్ళొత్తుకుంటోంది. చెప్పవే, చెప్పు, అని తనను తాను తిట్టుకుంది. పెదవులు కదిలాయి.

తెర వెనక నుంచి డాక్టరు కేక వినిపించింది. "స్ట్రెచర్! స్ట్రెచర్ తెండయ్యా!"

మైకు ఎక్కడ పడేసిందో తెలియదు. లోపలికి వెళ్ళేసరికి శివపార్వతి కళ్ళు సగం తెరుచుకుని, తల పక్కకు వాలి ఉంది. డాక్టరు ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నాడు. "నాడి ఉంది, తప్పుతోంది, త్వరగా!" అన్నాడు. నలుగురు ఎత్తారు. ఎత్తినవాళ్ళలో ఒకడు నాగదుర్గతో, అమ్మ ఇంత తేలికగా ఉందేంటండీ అన్నాడు భయపడుతూ.

టెంటు బయటికి వచ్చేసరికి అంబులెన్స్ బారికేడ్ల దగ్గరే ఆగిపోయి ఉంది. దాని ముందు జనం కూర్చున్నారు. కూర్చోవడం కాదు, పడుకున్నారు. చక్రాల ముందు ఒక ముసలామె అడ్డంగా పడుకుని ఉంది. పోలీసులు లాఠీలు పట్టుకుని పక్కన నిలబడ్డారు గాని, ఎవరి మీద చెయ్యి వేస్తే ఏమవుతుందోనని వాళ్ళ మొహాల్లోనూ భయమే.

"దారివ్వండి! మా అక్క చచ్చిపోతంది, దారివ్వండి!"

"ఆస్పత్రి కాదమ్మా, అరెస్టు!" అని ఎవరో అరిచారు. "తీసుకుపోయి గొట్టాలు పెట్టి దీక్ష విరిపిస్తారు! అమ్మే చెప్పింది మాకు, నన్ను ఎత్తుకుపోతే పోనివ్వమాకండని!"

అది అబద్ధం కాదు. మొదటి రోజు శివపార్వతి అదే మైకులో అదే మాట చెప్పింది. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నాగదుర్గ కూడా ఉంది. అక్క అన్న మాటను అక్క కూడా వెనక్కి తీసుకోలేని స్థితిలో స్ట్రెచర్ మీద ఉంది.

నాగదుర్గ పాండురంగయ్య కాళ్ళ మీద పడింది. నిజంగానే పడింది, బురదలో. "బాబాయ్, నువ్వు చెబితే వింటారు. నీకు దణ్ణం పెడతా."

ఆయన ఆమెను లేవనెత్తాడు. "నేను ఉత్తినే చెబితే వినరు తల్లీ. ఒక్కటే దారి ఉంది. మగ్గం మీద పడుగుండగా నేసే మనిషి పడిపోతే ఏం చేస్తాం మన పేటలో? ఇంటిమనిషి కూర్చుంటారు. మీ నాన్న పోయినప్పుడు మీ అక్క కూర్చుంది. మగ్గం ఖాళీగా లేకపోతే దీక్ష విరిగినట్టు కాదు. అప్పుడు నేను చెప్పగలను, దారిస్తారు."

"నేనా?"

"ఇంకెవరున్నారమ్మా మీ ఇంట్లో?"

"కూర్చుంటే, మరి తిండి…?"

ఆయన తన కండువాతో ఆమె చేతుల బురద తుడిచాడు. జవాబు ఆమెకు తెలుసు. స్ట్రెచర్ మీద శివపార్వతి చెయ్యి జారి కిందికి వేలాడింది. డాక్టరు దాన్ని ఎత్తి పైన పెడుతూ నాగదుర్గ వంక చూశాడు. ఉయ్యూరులో మొగుడున్నాడు, పదో తరగతి చదివే కూతురు సింధూరి ఉంది, ఇవాళ వచ్చేస్తానని ఆ పిల్లకు తను పొద్దున్నే మెసేజ్ పెట్టింది. ఇవన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చి పోయాయి. ఆలోచించడానికి సమయం ఎక్కడుంది?

ఆమె వెనక్కి నడిచింది. అరుగెక్కింది. మగ్గం గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి దించింది. పాండురంగయ్య మైకు తీసుకుని ఏదో చెప్పాడు. ఆమెకు మాటలు వినబడలేదు, జనం ఒక్కసారిగా హోరున అరవడం మాత్రం వినబడింది. తల తిప్పి చూసేసరికి చక్రాల ముందు పడుకున్న ముసలామెను ఎవరో లేపుతున్నారు. అంబులెన్స్ మెల్లగా కదిలి, మనుషుల మధ్య నుంచి దారి చేసుకుని, అలంకార్ సెంటరు వైపు మళ్ళింది.

మగ్గం తొక్కి ఎన్నేళ్ళయింది! కాళ్ళు మాత్రం మర్చిపోలేదు. తొక్కగానే పడుగు రెండుగా విచ్చుకుంది. అడ్డదారం చుట్టిన నాడె అటు విసిరింది, ఇటు విసిరింది. ఆస్పత్రి నుంచి కబురు వచ్చేదాకానే అని మనసులో గట్టిగా అనుకుంది. అక్క ప్రాణం నిలబడిందని తెలియగానే లేచి మైకు తీసుకుంటాను. ఈసారి చెబుతాను. చెప్పి తీరతాను.

"నాగదుర్గమ్మకీ…" అని ఎవరో అందుకున్నారు. "జై!" అంది రోడ్డంతా. ఆమె చేతిలో నాడె తప్పింది. తన పేరును అన్ని గొంతులు ఒక్కసారి అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆగమని చెప్పాలనిపించింది, కానీ దేన్ని ఆపమనాలి? వెనక చీరాలవాళ్ళు మళ్ళీ దారాలు అతకడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆమెకు కూడా వినిపించింది. ఒక్కో దారానికి ఒక్కో పేరు.

గంటకో, అంతకు తక్కువకో, పాండురంగయ్య ఫోను తెచ్చి ఆమె చెవికి ఆనించాడు. డాక్టరు జయపాల్.

"గండం గడిచినట్టేనమ్మా. సెలైన్ ఎక్కుతోంది. మాట్లాడుతున్నారు."

నాగదుర్గకు ఏడుపు పొంగుకొచ్చింది. "ఏమందండీ అక్క?"

"స్పృహ వచ్చాక మొట్టమొదటి మాట మీ గురించే. మగ్గం మీద ఎవరు కూర్చున్నారని అడిగారు. చెప్పగానే సెలైన్ సూది పీకేయబోయారు. 'దుర్గని లేపెయ్యండి, ఆ పిల్లని అక్కడ కూర్చోనివ్వమాకండి, నా బుద్ధి గడ్డి తిన్నది' అని ఒకటే ఏడుపు. పడుగు సంగతి అందరికీ తనే చెప్పేస్తారట, మీరు మాత్రం వెంటనే లేచి ఇంటికి పోవాలట."

జనం మధ్య లేనప్పుడు అక్క అక్కలాగే ఉంది. నాగదుర్గ కళ్ళు తుడుచుకుంది. అయితే అయిపోయింది. లేవాలి. అక్క తనను లేచి రమ్మన్న మాట తనకు, డాక్టరుకు, అక్కకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పాండురంగయ్య ఆమె మొహంలోకి ఆత్రంగా చూస్తున్నాడు. "బతికింది బాబాయ్" అంది. ఆయన రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టి, ఆ కబురు మైకులో చెప్పాడు. రోడ్డంతా లేచి ఏడ్చింది, నవ్వింది. ఆమె మగ్గం చట్రం మీద చెయ్యి ఆనించి లేవబోయింది.

అప్పుడే అరుగు ముందు జనం పక్కకు జరిగి ఎవరికో దారి ఇచ్చారు. పది పదిహేను మంది ఆడవాళ్ళు. ముసురుకి తడిసిపోయి ఉన్నారు. చేతుల మీద గీతలు, కాళ్ళకు బురద. ముందున్నామె నెత్తిన ప్లాస్టిక్ పట్టాలో జాగ్రత్తగా చుట్టిన మూట ఒకటి.

"నా పేరు అమలమ్మండి," అంది ఆమె. "ఉయ్యూరు అవతల నుంచి వచ్చాం. మాది మగ్గాల ఊరు కాదండి, చెరకు నరికేవోళ్ళం. ఈ పని మాకు రాదు. నూలు తెచ్చి, పెడన పోయి ఒకాయన్ని బతిమాలి పడుగు చేయించుకున్నాం. ఆయన మీకెందుకే అన్నాడు." ఆమె మూట విప్పింది. లోపల పొడిగా, తెల్లగా ఉంది పడుగు. "మేం నరికిన గడకి కూడా పేరుండదమ్మగారూ. చచ్చేదాకా నరికినా ఫలానా మనిషి నరికిందని ఎవురూ అనరు. మీ అక్కగారి మాట విన్నాక మాకూ ఆశ పుట్టింది. మేం నేతోళ్ళం కాదు గదా, మా పడుగు అతుకుతారా?"

చీరాలవాళ్ళు చేతులు ఆపి నాగదుర్గ వంక చూశారు. పాండురంగయ్య చూశాడు. రోడ్డంతా చూస్తోంది. అమలమ్మ చేతులు చాపి అలాగే నిలబడి ఉంది. వానచుక్కలు పడకుండా మోచేతులతో దాన్ని కాస్తోంది.

వద్దని చెప్పాలి. లేచి నిలబడి, అమ్మా, ఇదంతా ఇక్కడితో సరి, మీరు ఇళ్ళకు వెళ్ళండి అని చెప్పాలి. అక్క ఏడుస్తోంది, సింధూరి ఎదురుచూస్తోంది. నాగదుర్గ గొంతు సవరించుకుంది. ఎవరో మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టారు.

"అతకండమ్మా."

ఆ మాట అన్నది తనేనని, రోడ్డు చివరి మైకుల్లోంచి తన గొంతే తనకు వినబడ్డాక గాని నాగదుర్గకు తెలియలేదు.